టవర్ కునుకు తీసినప్పుడు

అందరికీ నమస్కారం.

మీ జేబులో ఉన్న ఫోన్ ఇప్పుడు దాదాపు నిద్రలో ఉంది. ఎవరూ వాడనప్పుడు అది రేడియో కట్టేసి పడుకుంటుంది. సుమారు సెకనుకోసారి లేచి, నాకేమైనా కాల్ ఉందా అని టవర్ వైపు చెవి వేసి విని, మళ్లీ కునుకు తీస్తుంది. అంత చిన్న బ్యాటరీ రోజంతా రావడానికి కారణం ఇదే. టవర్‌ని మాత్రం చాలాకాలం ఎవరూ పడుకోమనలేదు. దానికి తీగలోంచి కరెంటు వస్తుంది కదా, ఇంకేం అనుకున్నాం!

4జీ టవర్ సంగతే చూడండి. దాని పరిధిలో ఒక్క ఫోన్ లేకపోయినా, మామూలుగా ప్రతి మిల్లీసెకనులోనూ కనీసం నాలుగుసార్లు "నేనిక్కడున్నాను" అని గుర్తు సిగ్నల్ పంపుతూనే ఉండాలి. ప్రమాణమే అలా రాసుకున్నాం. 5జీ రాసేటప్పుడు బుద్ధి తెచ్చుకుని ఆ పిలుపును మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి చేశాం, కావాలంటే 160 దాకా సాగదీయొచ్చు. ఆ మధ్య ఖాళీలో, సిగ్నల్‌కి బలమిచ్చే పవర్ ఆంప్లిఫయర్‌ని ఆపేయొచ్చు. మొబైల్ నెట్‌వర్క్ తినే కరెంటులో సింహభాగం టవర్ల దగ్గరే పోతుంది, అక్కడ అన్నిటికన్నా ఎక్కువ తినేది ఈ ఆంప్లిఫయరే. అందుకే ఆ కాస్త ఖాళీకి అంత విలువ.

నాకు బాగా ఇష్టమైన పొదుపు మాత్రం ఇది కాదు. పాతరోజుల్లో రేడియో పరికరాలు టవర్ కింద గదిలో ఉండేవి. అక్కడి నుంచి పైనున్న యాంటెన్నా దాకా లావుపాటి కేబుల్. ఎత్తైన టవర్ అయితే పంపిన పవర్‌లో సగం దాకా ఆ కేబుల్లోనే వేడిగా పోయేది. పైగా గదిని చల్లబరచడానికి ఏసీ. తర్వాత రేడియో పెట్టెను తీసుకెళ్లి యాంటెన్నా పక్కనే బిగించారు. కేబుల్ నష్టం పోయింది, ఏసీ పనీ తగ్గింది. దీనివల్ల ఎవరికీ ఒక్క కాల్ కూడా పోలేదు, అందుకే ఇష్టం. మిగతా పొదుపులన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట ఎవరి సిగ్నల్‌కో ఎసరు పెట్టే ప్రమాదం ఉంది.

ఒక టవర్ మీద చాలా ఫ్రీక్వెన్సీలు నడుస్తుంటాయి. 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటివి దూరం పోతాయి, గోడలు దాటుతాయి. 3.5 గిగాహెర్ట్జ్ లాంటివి డేటా బాగా మోస్తాయి కానీ తొందరగా అలిసిపోతాయి. రాత్రి జనం పడుకున్నాక రెండో రకాన్ని ఆపేసి మొదటిదాన్ని ఉంచడం మామూలే. అక్కడితో ఆగక, పక్క టవర్ సిగ్నల్ అందుతున్న చోట మొత్తం సెక్టారునే, అంటే టవర్‌లో ఒక దిక్కుకు సిగ్నల్ ఇచ్చే భాగాన్నే, ఆపేయొచ్చు అనుకుంటాం. నెట్‌వర్క్ నడిపే మేమూ అలాగే అనుకున్నాం.

అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా ఆపే సెక్టార్ల జాబితా వేశాం. సిగ్నల్ మ్యాప్ అంతా ఆకుపచ్చగా ఉంది. వారం తర్వాత ఒక ఫిర్యాదు వచ్చింది. ఒక భవనం సెల్లార్‌లో రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్‌గారు చేశారు. పగలు ఫోన్ బాగానే ఉంటుంది, రాత్రి రెండు గీతలు కనిపిస్తాయి కానీ కాల్ వెళ్లదు అన్నారు. మా లెక్కలు తీసి చూశాం. ఎక్కడా తేడా లేదు. నిజానికి ఫెయిలైన కాల్స్ శాతం కాస్త తగ్గింది కూడా.

ఎందుకు తగ్గిందో తర్వాత అర్థమైంది. ఫోన్ తెర మీది గీతలు టవర్ మాట మనకెంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి. మన మాట టవర్‌కి చేరుతోందో లేదో చెప్పవు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, ఫోన్‌కి మామూలుగా గరిష్ఠంగా ఉండేది 0.2 వాట్లు. దగ్గరి సెక్టార్ పడుకున్నాక దూరపు టవర్ గొంతు సెల్లార్‌లోకి వస్తోంది, ఈయన ఫోన్ గొంతు బయటికి పోవడం లేదు. నెట్‌వర్క్‌కి చేరని కాల్ నెట్‌వర్క్ లెక్కలో పడదు. ఫెయిలైనట్టు కూడా పడదు! పైగా ఆ ఫోన్ చేరాలని పూర్తి బలంతో అరుస్తుంటే ఛార్జింగ్ దిగిపోతుంది.

ఇలాంటివి ఫోన్‌నే అడిగి తెలుసుకోవాలి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తెచ్చిన రిలీజ్ 10 నుంచి ఆ ఏర్పాటు ఉంది. వాడేవాళ్లు ఒప్పుకుంటే, సిగ్నల్ ఎక్కడెలా ఉందో ఫోన్ రాసుకుని, తర్వాత అప్పజెబుతుంది. అది చూడకుండా సెక్టార్లు ఆపడం చీకట్లో బాణం వేయడమే.

ఇంకో మాట. ఆపడం సులువు, లేపడమే కష్టం. ఆంప్లిఫయర్ ఒక్కటే ఆపితే రెప్పపాటు కంటే ముందే లేస్తుంది. రేడియో పెట్టె మొత్తం గాఢనిద్రలో ఉంటే లేవడానికి నిమిషాలు పట్టొచ్చు. ఈలోగా దానికి బదులు కాపలా కాస్తున్న పక్క టవర్‌కి కరెంటు పోతే? ఎవరో అప్పుడే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే? ఎప్పుడు పడుకోవాలో చెప్పే నియమాలు పది ఉండి, ఎప్పుడు లేవాలో చెప్పేది ఒక్కటే ఉన్న సెట్టింగులు చూశాను. నాకు టెన్షన్ పుట్టించేవి అవే. పొరుగు టవర్ నోరు పడిపోయిన క్షణాన ఇది లేవాలి, అడక్కుండానే.

వాచ్‌మన్‌గారు ఆ ఫిర్యాదు చేసింది పొద్దున ఆరు దాటాక, డ్యూటీ దిగి మెట్లెక్కి పైకొచ్చాక. ఆ సెక్టారును రాత్రి జాబితాలోంచి తీసేశాం. చాలా రాత్రులు అది ఒక్క ఫోన్ కోసమే మేలుకుని ఉంటుంది.

మీ ప్రశ్నలు అడగండి.