ఫోన్-ఇన్: నియోజకవర్గాల హద్దులు ఎవరి చేతిలో?

వ్యాఖ్యాత: నమస్కారం. నియోజకవర్గాల పునర్విభజనపై మీ సందేహాలకు ఈరోజు సీనియర్ న్యాయవాది గారు సమాధానాలిస్తారు. మొదటి కాలర్, చెప్పండి.

కాలర్: హలో, వినబడుతోందా సార్? 2009 ఎన్నికలకు మా మండలాన్ని పక్క నియోజకవర్గంలో కలిపేశారు సార్. ఇదివరకు ఎమ్మెల్యేని కలవాలంటే ఒక్క బస్సు ఎక్కితే సరిపోయేది, ఇప్పుడు రెండు మారాలి. ఎవరో నాయకుడు తన ఓట్ల కోసం చేయించాడని ఊరంతా అంటారు. మళ్లీ పునర్విభజన అంటున్నారు కదా... ఆ పాతదాని మీద కోర్టుకెళ్లొచ్చా సార్?

న్యాయవాది: ఆ హద్దులు గీసింది జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్. 2002 పునర్విభజన చట్టం ప్రకారం, 2001 జనాభా లెక్కల మీద గీసింది. కమిషన్‌లో రాష్ట్రానికి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా ఉంటారు. వాళ్లకు ఓటు లేదు, ఉత్తర్వు మీద సంతకమూ లేదు. కానీ మాట్లాడొచ్చు. పార్టీల పోరంతా అక్కడే.

కాలర్: నేననేదీ అదే సార్! మరి కోర్టులో వేస్తే?

న్యాయవాది: రాజ్యాంగం 329వ అధికరణం అడ్డం, నియోజకవర్గాల హద్దుల చట్టాన్ని కోర్టులో ప్రశ్నించకూడదంటుంది. ఉజ్జయినిని రిజర్వుడు స్థానం చేశారని మేఘరాజ్ కొఠారీ అనే ఆయన కోర్టుకు వెళ్తే, గెజెట్‌లో వచ్చిన ఉత్తర్వు చట్టంతో సమానమని 1966లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మరీ ఏకపక్షంగా ఉంటే కోర్టులు చూడొచ్చని 2024లో అన్నది గానీ, అది చాలా ఇరుకు దారి. అందుకే మళ్లీ మళ్లీ చెబుతాను, ముసాయిదా వచ్చినప్పుడే అభ్యంతరం రాసివ్వండి.

కాలర్: అప్పుడు ధర్నా చేశాం సార్, రోడ్డు మీద కూర్చున్నాం...

న్యాయవాది: ధర్నా ఫైల్లోకి ఎక్కదండీ, కాగితం ఎక్కుతుంది. రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని చట్టంలోనే ఉంది. మీ రెండు బస్సుల సంగతి గట్టి వాదన. రూటు, దూరం వేసి రాయండి.

కాలర్: సరే సార్. అయితే పాతదాని మీద కోర్టుకు...

న్యాయవాది: వద్దు బాబూ, డబ్బు దండగ. ఈసారి ముసాయిదా కోసం కాచుకుని ఉండండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. తర్వాతి కాలర్.

కాలర్: పోటీ పరీక్షలకు చదువుతున్నాను సార్. ఆంధ్రలో 175 సీట్లు 225, తెలంగాణలో 119 సీట్లు 153 చేస్తామని విభజన చట్టంలో రాశారు కదా, ఎందుకు చేయలేదు?

న్యాయవాది: ఆ చట్టం 26వ సెక్షన్ చదవమ్మా, రాజ్యాంగం '170వ అధికరణానికి లోబడి' అని ఉంటుంది. 2026 తర్వాతి తొలి జనగణన దాకా రాష్ట్రాల అసెంబ్లీ సీట్ల సంఖ్య కదలదని ఆ అధికరణం చెబుతుంది. సీట్లు పెంచాలన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది అందుకే.

కాలర్: మరి జమ్మూకశ్మీర్‌లో 83ని 90 చేశారు?

న్యాయవాది: అది కేంద్రపాలిత ప్రాంతం, 170 వర్తించదు.

వ్యాఖ్యాత: ఇంకొక్క కాలర్, త్వరగా అడగండి.

కాలర్: కమిషన్‌ని వేసేది కేంద్రమే కదా సార్, ఇంక న్యాయం ఎక్కడ?

న్యాయవాది: ఆ అనుమానం సహజం, నాకూ ఉంది. సుప్రీంకోర్టు జడ్జి, కేంద్ర ఎన్నికల సంఘం తరఫున ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఉంటారు. ఉన్నా నిఘా మనదే. 2023లో అస్సాంలో కమిషన్ కాకుండా ఎన్నికల సంఘమే హద్దులు గీసింది, అక్కడా గొడవే. బహిరంగ విచారణకు వెళ్లండి, ముసాయిదా మీద రాసి...

వ్యాఖ్యాత: క్షమించాలి సార్, సమయం అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు వచ్చే కార్యక్రమంలో చేయండి. నమస్కారం.