రోగిని చూడటం వేరు, చూడటం నేర్పడం వేరు

సభకు నమస్కారం.

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్లుగా, అంటే వైద్యులతో కలిసి రోగులను పరీక్షించి చికిత్స చేసేవారిగా, పనిచేస్తూ బోధనలోకి రావాలనుకునేవారూ, ఇప్పటికే వచ్చినవారూ ఈ సభలో ఉన్నారు. డాక్టరేట్ చెయ్యాలా, చేస్తే ఏది చెయ్యాలి అని మీలో చాలామంది నన్ను విడివిడిగా అడిగారు. ఈ రోజు అందరికీ కలిపి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నలుగురు మాజీ నౌకాదళ వైద్య సహాయకులతో ఈ శిక్షణను మొదలుపెట్టారు. వారిలో ముగ్గురు 1967లో పట్టా పుచ్చుకున్నారు. అప్పట్లో వారికి పాఠం చెప్పినవారు ప్రధానంగా వైద్యులే. నేడు మన విద్యార్థులకు చాలావరకు మనమే చెబుతున్నాం. అయితే సుమారు 27 నెలలు సాగే మన మాస్టర్స్ చదువులో రోగిని పరీక్షించడం నేర్పుతారే గాని, విద్యార్థిని పరీక్షించడం నేర్పరు. మంచి క్లినీషియన్, అంటే రోగులను బాగా చూసే మనిషి, అయినంత మాత్రాన మంచి గురువు కాగలడన్న నమ్మకంతోనే మనలో చాలామందిని తరగతి గదిలోకి పంపారు. ఆ నమ్మకం ఎంత తప్పో నా అనుభవమే నాకు చూపించింది.

బోధనలో నా మూడో ఏడు. అప్పటికి మూడేళ్లుగా ఒక ప్రశ్నను పరీక్షలో వాడుతున్నాను. తుంటి శస్త్రచికిత్స జరిగిన వారానికి ఒక రోగికి ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చాయి, ఒక కాలు వాచింది. ముందుగా ఏ పరీక్ష చేయించాలి? ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందేమో చూసే రక్తనాళాల సీటీ స్కాన్ అన్నది నా జవాబు. విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేస్తున్న ఒక సహోద్యోగి ఆ పరీక్ష ఫలితాలను విశ్లేషించి నా ముందు పెట్టారు. తరగతిలో పై వరుసలో ఉన్నవారిలో ఎక్కువమంది ఈ ప్రశ్నలో తప్పారు, అడుగున ఉన్నవారు ఒప్పు రాశారు. ప్రశ్నను మళ్లీ చదివితే కారణం తెలిసింది. రోగి రక్తపోటు 80/50 అని నేనే రాశాను. అంత తక్కువ రక్తపోటు ఉన్న రోగిని స్కాన్ గదికి తరలించడం ప్రమాదమని గ్రహించి, మంచం దగ్గరే గుండె ఎకో చేయించాలని రాసిన విద్యార్థులకు నేను సున్నా వేశాను. సూత్రాన్ని బట్టీ పట్టినవారికి మార్కులిచ్చాను. ఆ విద్యార్థులను తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆసుపత్రిలో ఎన్నేళ్లు పనిచేసినా ఆ లోపం నాకు కనబడేది కాదు; దాన్ని పట్టుకునే పద్ధతి వేరే శాస్త్రానిది.

ఆ శాస్త్రానికి తనదైన చరిత్ర ఉంది. వేర్వేరు స్టేషన్ల దగ్గర విద్యార్థి చేత పని చేయించి చూసే ఓస్కీ పరీక్షను వైద్య విద్యావేత్త రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో ప్రకటించారు. తెలిసి ఉండటం, ఎలా చెయ్యాలో తెలియడం, చేసి చూపడం, నిజంగా పనిలో చెయ్యడం అనే నాలుగు మెట్లను జార్జ్ మిల్లర్ 1990లో వివరించారు. మన పరీక్షలు చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతున్నాయి. పై మెట్లను నమ్మకంగా కొలవడం నేర్పగలిగితేనే మన డాక్టరేట్‌కు సార్థకత అని నా అభిప్రాయం.

ఇక ఏది చెయ్యాలన్న మాటకు వస్తాను. పరిశోధనే జీవితంగా పెట్టుకోదలచినవారికి పీహెచ్‌డీ తగినది. దానికి ఏళ్ల ఓపిక కావాలి. పాఠ్యక్రమం, మూల్యాంకనం, కార్యక్రమ నిర్వహణ మీద దృష్టి ఉన్నవారికి విద్యాశాస్త్ర డాక్టరేట్, అంటే ఈడీడీ, దగ్గరగా ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ తక్కువ కాలంలో పూర్తి చెయ్యగల డాక్టర్ ఆఫ్ మెడికల్ సైన్స్ గత కొన్నేళ్లలో బాగా విస్తరించింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కాని చేరే ముందు ఒక్క సంగతి అడగండి: మీరు పాఠం చెబుతుండగా ఎవరైనా వచ్చి కూర్చుని, చూసి, లోపాలు చెబుతారా? లేదంటే అందులో బోధనా విభాగం పేరుకే ఉందని అర్థం. పదోన్నతి కోసం డాక్టరేట్ చెయ్యడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు, విశ్వవిద్యాలయాల్లో దాని అవసరం నిజమైనదే. అయితే పేరు ముందు డాక్టర్ అని చేరినా, రోగి మంచం దగ్గర మాత్రం మనం వైద్యులం కామని, ఫిజీషియన్ అసిస్టెంట్లమని స్పష్టంగా చెప్పుకోవాలి.

పరిశోధనాంశాన్ని దూరంగా వెతకవద్దు. రొటేషన్ల నుంచి, అంటే విద్యార్థులు ఆసుపత్రి విభాగాల్లో వంతులవారీగా చేసే శిక్షణ నుంచి, తిరిగివచ్చే మూల్యాంకన పత్రాలు మీ బల్ల మీదే ఉంటాయి. వాటిలో పత్రం తరవాత పత్రంలో "బాగా చేస్తున్నాడు" అన్న ఒక్క ముక్కే కనిపిస్తుంది. పనిచేసే చోట పర్యవేక్షించే క్లినీషియన్ అంతకు మించి ఎందుకు రాయలేకపోతున్నారు, ఆ వాక్యం చదివిన విద్యార్థి మర్నాడు ఏం మార్చుకుంటాడు అన్నదే ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపోయే ప్రశ్న.

మధ్యాహ్నం సమావేశానికి మీరు ఈ ఏడాది ఇచ్చిన ఒక ప్రశ్నపత్రాన్నీ, దాని మార్కుల పట్టికనూ వెంట తెచ్చుకోండి. నా పాత ప్రశ్నను కూడా తెస్తాను. ఇప్పుడది రెండు ప్రశ్నలయింది: ఒకదానిలో రక్తపోటు 80/50, రెండోదానిలో 124/78.