రెండు వందల స్క్రబ్బర్లు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముందు ఈ టిఫిను డబ్బా సంగతి చెప్పేస్తాను. లేకపోతే ఇందులో తినేదేదో ఉందని ముందు వరస పిల్లలు నా మాట వినరు. ఇందులో ఉన్నది గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బరు. ఒక్కటే. మా తొట్టి నీళ్ళలో ముంచి తెచ్చాను. మీద గోధుమరంగు జిగురు కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన వస్తుంది. కడిగి తేకూడదా అనకండి, కడిగితే ఇందులో ఉన్న సరుకే పోతుంది. చేతులు మార్చుకుని చూడండి. మూత మాత్రం వేస్తూ ఉండండి. నా మాటలు అయ్యేలోగా అది నా దగ్గరికి తిరిగి రావాలి.

ఈ ఊరి బళ్ళో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, ఆ తర్వాత వాడుక తెలుగు కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఇవాళ. నాది మోటార్లు వైండింగు చేసే కొట్టు. "మీ చేపల తొట్టి గురించి చెప్పండి, కానీ తెలుగులో" అన్నారు నిర్వాహకులు. మా తాపీ మేస్త్రి మాట తెలుగులో ఎత్తుకుని ఒడియాలో దింపుతాడు. సంప్, పంపు, సిలికోన్ లాంటి మాటలకు నేను కొత్తగా తెలుగు పుట్టిస్తే ఆయనకూ అర్థం కాదు, నాకూ అర్థం కాదు. గిడుగు వారు ఏమీ అనుకోరనే ధైర్యంతో వాటిని అలాగే వాడేస్తాను.

దీనికంతటికీ మూలం మా మనవడు. వాడికి ఏడేళ్ళప్పుడు బరంపురంలో ఒక దుకాణంలో "షార్కు చేప" అని రాసి ఉంటే, కావాలని ఏడ్చాడు. రెండు కొన్నాను. వేలెడంత ఉన్నాయి. వెండి ఒళ్ళు, వీపు మీద నిక్కిన రెక్క, చూడ్డానికి సొర పిల్లలే. తీరా అవి మనం బజారులో పంగస్ అని, నోరు తిరగనివాళ్ళు ఫంగస్ అని అడిగి ముక్కలు కొట్టించుకునే చేప పిల్లలు. ఆ జాతి పూర్తిగా పెరిగితే నాలుగడుగులు, 40 కిలోలు దాటగలదు. నేను పెట్టింది రెండడుగుల గాజు తొట్టిలో.

ఏడాదిన్నరకే ఒక్కోటీ అడుగు దాటింది. పైగా పంగస్ బెదురు చేప. లైటు వేస్తే చాలు, గాజుకు వెళ్ళి ముక్కు కొట్టుకునేది. కొట్టుకుని కొట్టుకుని పెద్దదానికి ముక్కు మీద చర్మం లేచిపోయి రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడింది. నాకున్నవి రెండే దార్లు: కూర వండుకోవడమా, దానికి ఇల్లు కట్టడమా. మా ఇంటావిడ మొదటిదానికే ఓటేసింది. మనవడు అన్నం మానేశాడు.

మూడో దారి కూడా ఉందంటారు కొందరు, ఏట్లో ఒగ్గేయడం. ఆ పని మాత్రం చెయ్యకండి. అద్దాలకు పట్టిన పాచి నాకుతుందని కొనుక్కునే సక్కర్ చేప చూశారా, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జాతి. తొట్టెల్లోంచి బయటపడి ఇప్పుడు ఆంధ్రా, తెలంగాణ చెరువుల్లో, నదుల్లో జాలర్ల వలలు చింపుతోంది. మహేంద్రతనయలో వదిలింది వంశధారకు పోతుంది. ఆ తర్వాత ఎవరు పడతారు?

సరే, ఇల్లు కట్టాలనే తేలింది. కొలతలు వేశాను. పొడవు 8 అడుగులు, వెడల్పు 3, నీళ్ళ ఎత్తు రెండున్నర. పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, మన పాత నౌపడ–గుణుపురం చిన్న రైలు పట్టాల మధ్య దూరం కూడా సరిగ్గా రెండున్నర అడుగులే. ఆ పట్టాల మీద నడుచుకుంటూ బడికెళ్ళినవాణ్ణి గనక ఆ కొలత నాకు కాళ్ళకే తెలుసు. మొత్తం 60 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,700 లీటర్లు. నీళ్ళ బరువే 1,700 కిలోలు. మేడ మీద హాల్లో కడదామన్నాడు మనవడు. ఇళ్ళ స్లాబులకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోసేలా లెక్క కడతారు. నా తొట్టిలో నీళ్ళు ఒక్కటే చదరపు మీటరుకు 760 కిలోలు పడుతున్నాయి, గోడల బరువు కాక. మేడ మాట అక్కడితో ఆపేశాం. కింద పెరటి వరండాలో రెండడుగుల గట్టు కట్టి దాని మీద మొదలెట్టాం.

బరువంటే అందరికీ భయమే. నీళ్ళ తోపుడంటే ఎవరికీ భయం ఉండదు. ఎనిమిదడుగుల వైపు మొత్తం అద్దం పెడితే రెండున్నర అడుగుల నీళ్ళు ఆ అద్దాన్ని 700 కిలోల పైచిలుకు బలంతో బయటికి తోస్తాయి. విచిత్రం ఏమిటంటే, అద్దం వెనక నీళ్ళు మూడడుగులే ఉన్నా, మైలు దూరం ఉన్నా తోపుడు అంతే. లెక్కంతా ఎత్తుది. ఎత్తు రెండింతలు చేస్తే తోపుడు నాలుగింతలవుతుంది. అందుకే చేప పెద్దదని తొట్టి ఎత్తు పెంచకండి, వెడల్పు పెంచండి. చేపకు తిరగడానికి కావలసింది కూడా అదే.

అంత అద్దానికి నా దగ్గర డబ్బు లేదు. మూడడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేపి, పైన చుట్టూ ఇనుప చువ్వలతో బెల్టు పోయించి, ముందు గోడలో 5 అడుగులకు 2 అడుగుల కిటికీ వదిలాం. దానికి 12 మిల్లీమీటర్ల అద్దం. ఇప్పుడు తోపుడు 280 కిలోలకు దిగింది, అద్దానికి నాలుగు పక్కలా ఆనుడు దొరికింది. అద్దాన్ని బయటినుంచి కాదు, లోపలినుంచి పెట్టాలి. అప్పుడు నీళ్ళే దాన్ని చట్రానికి అదిమిపెడతాయి.

ఇంత తెలిసినవాణ్ణి సిలికోన్ దగ్గర బోల్తా పడ్డాను. గాజు తొట్టెలు అతికించే మామూలు సిలికోన్ ఉంటుంది, వెనిగర్ వాసన వేస్తుంది. ఆ వాసన దానిలోంచి వచ్చే ఆమ్లానిది. గాజుకు అది బంకలా పడుతుంది. సిమెంటులో సున్నం గుణం ఉంటుంది కదా, ఆమ్లం తగిలి ఆ పై పొర పొడిబారిపోతుంది. వారం ఆగి నీళ్ళు నింపాను. రెండో రాత్రి కిటికీ కింది మూలలో చెమటలా తేమ కనిపించింది, తెల్లారేసరికి ధార అయింది. అద్దం ఊడదీసి చూస్తే సిలికోన్ పట్టీ అద్దానికి అతుక్కునే ఉంది, సిమెంటు వైపు మాత్రం పెసరట్టు అంచులా లేచి వచ్చేసింది. రెండోసారి చట్రాన్ని బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ పూసి, ఆ వెనిగర్ వాసన, ఆమ్లం లేని న్యూట్రల్ సిలికోన్ వాడాను. ఇప్పటిదాకా చుక్క కారలేదు.

కొత్త సిమెంటు నీళ్ళలోకి సున్నం వదులుతుంది, అందులో చేప నిలవదు. మేస్త్రి అరటి బోదెలు నరికి పడేయమన్నాడు. పడేశాం. బోదె కుళ్ళి కంపు కొడుతుంటే నీళ్ళు పారబోయడం, మళ్ళీ నింపడం, మళ్ళీ బోదె. మూడు విడతలయ్యాక, నీళ్ళలో సున్నం గుణం ఎంతుందో రంగుతో చెప్పే పీహెచ్ చుక్కలు వేసి చూస్తే రంగు దారికొచ్చింది. వీధి వీధంతా మమ్మల్ని తిట్టుకుంది.

ఇక అసలు పనికొస్తాను. తొట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళు అద్దం ముందు నిలబడి చూసి వెళ్ళిపోతారు. నేను మాత్రం వాళ్ళను పక్కకు తీసుకెళ్ళి డ్రమ్మూ, ట్రేలూ చూపిస్తాను. చేప మొప్పల్లోంచి ఇరవై నాలుగ్గంటలూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. ఏట్లో అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో అయితే దాని విషం దాన్నే తినేస్తుంది. నీళ్ళు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి, చేప చచ్చి తేలుతుంది. మనవాళ్ళు దిష్టి తగిలిందంటారు. అమ్మోనియాను తినే సూక్ష్మజీవులున్నాయి. నైట్రోసోమోనాస్ లాంటివి దాన్ని నైట్రైటు చేస్తాయి. అదీ విషమే. నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైటును నైట్రేటు చేస్తాయి. అది అంత ప్రమాదం కాదు, మొక్కలకు ఎరువు. వారానికి పావు వంతు నీళ్ళు తీసి పెరట్లో అరటికి పోస్తాం, అంటే నాలుగు వందల పైన లీటర్లు. గెలలు ఎలా దిగుతున్నాయో మా ఇంటావిడను అడగండి. తొట్టి గురించి ఆవిడ మంచిగా చెప్పే మాట అదొక్కటే.

ఆ జీవులకు కావలసింది కూర్చోడానికి చోటు, తడి, గాలి. మా ఏర్పాటు ఇదీ. తొట్టిలో నీళ్ళు నిండి, రెండంగుళాల పైపులోంచి నీలం రంగు 200 లీటర్ల డ్రమ్ములోకి పక్కవాటుగా పడతాయి. అక్కడ సుడి తిరుగుతాయి. పెంటా, మిగిలిన మేతా అడుగున మధ్యకు చేరతాయి. రోజూ పొద్దున్న అడుగు కుళాయి తిప్పితే ఆ మడ్డి బయటికి పోతుంది. పైకి తేలిన నీళ్ళు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు కూరగాయల ట్రేల మీద వానలా పడి, కింది సంప్‌లోకి దిగుతాయి. అక్కడినుంచి పంపు మళ్ళీ తొట్టిలోకి కొడుతుంది. గంటకు కనీసం నాలుగుసార్లు తొట్టి నీళ్ళన్నీ తిరగాలి, అంటే 7,000 లీటర్ల పంపు. ఆ ట్రేల నిండా ఉన్నవి స్క్రబ్బర్లే. రెండు వందలు ఒక్కసారే అడిగితే కొట్టాయన "హోటలు పెడుతున్నావేటి?" అన్నాడు.

స్క్రబ్బర్లు పేర్చగానే ఫిల్టరు అయిపోదు. ఆ జీవులు పుట్టి పెరగాలి. తొట్టిలో ఒక్క చేప కూడా వేయకుండా గుప్పెడు పచ్చి రొయ్యలు గుడ్డలో మూటకట్టి కుళ్ళబెట్టాను. ఆ కుళ్ళులోంచి వచ్చే అమ్మోనియాయే వాటి తిండి. ఆరు వారాలు పంపు తిరిగింది, కరెంటు బిల్లు వచ్చింది, తొట్టిలో చూడ్డానికి ఏమీ లేదు. బంధువులు వచ్చి "చేపలేవీ?" అంటే "ఇంకా కనిపించవు" అనేవాణ్ణి. ఏడో వారం పరీక్షలో అమ్మోనియా లేదు, నైట్రైటు లేదు. అప్పుడు పంగస్‌లను దింపాం. మా తోడల్లుడు ఒక రూప్‌చంద్ చేపను తెచ్చి అందులో పడేశాడు.

ఫిల్టరు కట్టాక నేను చేసిన తప్పు ఒకటుంది, అది మా ఇంట్లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. పంపు నీళ్ళు కొట్టే పైపు చివరను తొట్టిలో అడుగు లోతున ముంచాను, చప్పుడు రాకుండా. మోటార్ల పనివాణ్ణి, నాకు తట్టాలి. తట్టలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే అదే పైపు సైఫను అయిపోయి తొట్టి నీళ్ళను వెనక్కి లాగడం మొదలెట్టింది. ఎనిమిది ఇంటూ మూడు, అడుగు లోతు, అంటే 680 లీటర్లు. సంప్‌లో ఖాళీ ఉన్నది వంద లీటర్లకే. మిగతాదంతా వరండా దాటి వంటింట్లోకి వచ్చింది. చీకట్లో మంచం దిగితే కాలు చల్లగా తగిలింది. బియ్యం బస్తా అడుగు సగం తడిసిపోయింది. దీనికి మందు చాలా చిన్నది: నీటి మట్టానికి అర అంగుళం కింద ఆ పైపుకు చిన్న బెజ్జం. నీళ్ళు అంతవరకు దిగగానే బెజ్జం గాలి పీలుస్తుంది, సైఫను తెగుతుంది. ఆ బెజ్జానికి పాచి పడుతుంది, వారం వారం పుల్ల పెట్టి పొడవాలి. వాల్వు పెడితే చాలదా అంటారు. వాల్వులో చిన్న పెంకు ముక్క ఇరుక్కుంటే అది మూసుకోదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఈ ఊళ్ళో దాని గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మా వీధిలో నిలబడ్డ స్తంభం లేదు. ఇన్వర్టరు ఆ రాత్రి దాకా పంపును నడిపి పడిపోయింది. మర్నాడు పొద్దున్న పంగస్‌లు మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతున్నాయి. అవి గాలి కూడా పీల్చుకోగలవు. రూప్‌చంద్‌ను చూస్తే గుండె జారింది. దాని కింది పెదవి వాచి ముందుకు సాగి ఉంది, తేనెటీగ కుట్టిన పిల్లాడి మూతిలా. ఎక్కడో గుద్దుకుందనుకున్నాను. కాదు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే ఆ జాతికి పెదవి అలా ఉబ్బుతుంది. పై పొర నీళ్ళలోనే గాలి కాస్త మెరుగు, ఆ పెదవి గరిటెలా ఆ పొరను నోట్లోకి మళ్ళిస్తుంది. అమెజాన్ వరద నీళ్ళ నుంచి తెచ్చుకున్న విద్య అది.

మేత పూర్తిగా ఆపేశాం. తిండి లేకపోయినా పెద్ద చేప వారాలు బతుకుతుంది. గంటకోసారి ఒకళ్ళం బకెట్టుతో తొట్టి నీళ్ళు ముంచి, చెంబుతో ట్రేల మీద పోసేవాళ్ళం. ఇరవై చెంబులు. ట్రేల మీంచి జారేటప్పుడు నీళ్ళకు గాలి పడుతుంది, స్క్రబ్బర్ల మీది జీవులు ఆరిపోకుండా ఉంటాయి. సంప్‌లోంచి తిరిగి తొట్టిలోకి బకెట్టుతోనే. రాత్రుళ్ళు వంతులేసుకున్నాం. మొదట్లో కూర వండమన్న మనిషే అర్ధరాత్రి దాటాక రెండింటికి వచ్చే వంతు ఎవరికీ ఇవ్వలేదు. ఆరో రోజు కరెంటొచ్చింది. రెండు రోజుల్లో పెదవి మామూలైపోయింది.

మా వీధి చివర ఒకాయనకు మూత బిగించిన డబ్బా ఫిల్టరు ఉండేది. ఖరీదైనదే. ఆ ఆరు రోజులూ అందులో నీళ్ళు నిలవుండిపోయి, గాలి లేక లోపలి జీవులు చచ్చి కుళ్ళాయి. కరెంటొచ్చిన సంతోషంలో ఆయన స్విచ్చి వేసేశాడు. నల్లటి నీళ్ళు తొట్టిలోకి వచ్చాయి, గంటలో ఆయన పెంచుకునే ఆస్కార్ చేపలు పోయాయి. అలాంటి ఫిల్టరు ఉంటే ముందు విప్పి, లోపలి నీళ్ళు పారబోసి, లోపలివన్నీ తొట్టి నీళ్ళలో జాడించి పెట్టాలి. కుళాయి నీళ్ళలో కాదు, అందులో క్లోరిన్ ఉంటుంది. అది ఉన్నదే క్రిములను చంపడానికి, మనవని వదలదు.

పెద్ద పంగస్ ముక్కు మీది మచ్చ మానిపోయింది. అడిగేవి ఉంటే అడగండి, అద్దాలూ సిమెంటూ ఖర్చు లెక్కలు కాగితం మీద రాసి తెచ్చాను. అంతకంటే ముందు ఆ టిఫిను డబ్బా ఎవరి దగ్గర ఆగింది? మూత తీసే ఉంది, నాకిక్కడికి కనిపిస్తోంది. ఇటు పంపించండి బాబూ, స్క్రబ్బరు ఆరిపోతోంది.