విజయనగరం ఎండల్లో చిట్టి కుక్కపిల్ల: ఏ జాతి తెచ్చుకోవాలి, ఎలా చూసుకోవాలి

నమస్కారమండీ. నా ఒళ్లో కూర్చున్న ఈ పిల్ల పేరు బుజ్జమ్మ. పొమేరియన్. వయసు 4 ఏళ్లు, బరువు 2 కిలోల 600 గ్రాములు. మేం ఉండేది విజయనగరంలో, పెద్ద చెరువుకి దగ్గర. దీన్ని ఇంటికి తెచ్చిన రోజు పక్కింటి పిన్నిగారు చూసి, "ఏటమ్మా ఇది, కుక్కేనా? పిల్లి పిల్ల కంటే చిన్నగుంది!" అన్నారు.

చాలామంది నన్ను అడిగేది ఒకటే. "అక్కా, మాది రెండు గదుల ఇల్లు, చిన్న కుక్కయితే పని తక్కువ కదా?" అని. ఇంట్లో చోటు తక్కువ పడుతుంది, అంతవరకు నిజం. పని మాత్రం తక్కువ కాదండీ. చిన్న ఒంట్లో నిల్వ ఉండదు. ఎదిగిన లాబ్రడార్ ఒక పూట తిండి మానేసినా తట్టుకుంటుంది. 2 నెలల పొమేరియన్ పిల్ల ఒక రాత్రి తినకుండా పడుకుంటే, తెల్లారేసరికి లేవలేని స్థితికి వస్తుంది. ఎండయినా అంతే, విరేచనాలయినా అంతే, మంచం మీంచి పడ్డా అంతే. మనకి దొరికే టైమ్ చాలా తక్కువ. ఈ వీడియోలో నేను చెప్పేదంతా ఆ టైమ్ గురించే.

అందుకే జాతి ఎంచుకునే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లిపోయి, సాయంత్రం వరకు ఇంటికి తాళం ఉంటే, దయచేసి ఇంత చిన్న పిల్లను తేవద్దు. మా ఇంట్లో అత్తగారు ఉంటారు కాబట్టే బుజ్జమ్మ బతికింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. రెండో ప్రశ్న, ఇంట్లో 5 ఏళ్ల లోపు పిల్లలున్నారా? ఉంటే ఇంకో రెండు మూడేళ్లు ఆగండి. పిల్లలు ప్రేమతోనే ఎత్తుకుంటారు, ప్రేమతోనే కింద పడేస్తారు.

ఇప్పుడు జాతులు. మన దగ్గర ఎక్కువ మంది అడిగేది పొమేరియన్, పగ్, షిట్జూ, చివావా.

పగ్ సంగతి ముందు చెప్పేస్తాను. 2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక అబ్బాయి వెనకాలే నడిచే పగ్ గుర్తుందా? ఆ తర్వాతే మన దేశంలో ఇంటింటికీ పగ్ కావాలన్నారు. చాలా మంచి కుక్క, పిల్లలతో బాగా కలిసిపోతుంది. కానీ దాని ముఖం చూడండి, ముక్కు లోపలికి నొక్కేసినట్టు ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి బయటికి పంపాలి. పగ్‌కి ఆ గాలి దారే ఇరుకు. పైగా మనది సముద్రం దగ్గరి ఊరు, మే నెలలో గాలిలో ఎంత ఉక్క ఉంటుందో మీకు తెలుసు. ఉక్కలో రొప్పినా వేడి సరిగా దిగదు. ఇంట్లో ఏసీ లేకపోతే పగ్ వద్దనే నేను చెప్తాను. చూస్తూ చూస్తూ దాన్ని కష్టపెట్టడమే అవుతుంది.

పొమేరియన్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. మన చిన్నప్పుడు వీధికొకటి ఉండే తెల్ల కుక్క, 'పామ్' అనేవాళ్లం, అది అసలు పొమేరియన్ కాదు. ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ల కాలంలో యూరప్ స్పిట్జ్ కుక్కల నుంచి ఇక్కడి వేడికి తట్టుకునేలా పెంచిన జాతి. అసలు పొమేరియన్ ఎదిగాక కూడా 3 కిలోల దగ్గరే ఆగిపోతుంది. ఇండియన్ స్పిట్జ్ 5 నుంచి 7 కిలోలు ఉంటుంది, మూతి కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఒకప్పుడు పొమేరియన్లు కూడా పెద్దవేనండీ. 1888లో విక్టోరియా రాణి ఇటలీ నుంచి ఒక పొమేరియన్‌ని తెచ్చుకున్నారు, ఆ తర్వాతే చిన్న సైజు కుక్కల మోజు పెరిగింది.

నన్నడిగితే మన ఊళ్లకి ఇండియన్ స్పిట్జే మంచిది. ఎండకి ఓర్చుకుంటుంది, గట్టి పిండం, తెలివైనది. దాన్ని దాని పేరుతోనే అడిగి కొనుక్కోండి. పొమేరియన్ అని చెప్పి ఎక్కువ డబ్బు తీసుకుంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక ఇబ్బంది ఉంది, రెండూ బాగా అరుస్తాయి. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లయితే పక్కవాళ్లతో ముందే ఒక మాట చెప్పుకోండి.

షిట్జూ నెమ్మదైన పిల్ల. అయితే రోజూ దువ్వాలి, కళ్ల మీద జుట్టు పడకుండా కత్తిరించాలి. దాని ముక్కు కూడా పొట్టిదే, కాబట్టి ఎండ విషయంలో పగ్‌కి చెప్పిన జాగ్రత్తలే. చివావా 3 కిలోల లోపే ఉంటుంది. చాలా చివావా పిల్లలకి నడినెత్తిన, మన పసిపిల్లల మాడులాగే, మెత్తటి చోటు ఉంటుంది. అక్కడ చిన్న దెబ్బ తగిలినా ప్రమాదం. ఇక 'టీకప్' అని ఎవరైనా చెప్తే ఆ మాట అక్కడితో ఆపేయండి. టీకప్ అనే జాతి లేదు. మరీ బలహీనంగా పుట్టిన పిల్లకో, నెలలు నిండని పిల్లకో ఆ పేరు పెట్టి అమ్ముతారు.

బుజ్జమ్మ విషయంలో నాకు జరిగింది అదే. అమ్మినాయన "60 రోజులు నిండాయమ్మా" అన్నాడు. నేను నమ్మాను. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఈ రెండూ అప్పుడు నాకు తెలియవు. మీరు మాత్రం అడగండి. తల్లిని చూపించమనండి. తల్లిని చూపించని చోట కొనవద్దు.

ఇంకో పని చేయండి, ఇలా. బొటనవేలితో పై పెదవి మెల్లగా ఎత్తి, వెనక దవడ వరకు చూడండి. కుక్కపిల్లకి పాలపళ్లు 3 వారాలప్పుడు మొదలై, 8 వారాలకల్లా మొత్తం 28 వచ్చేస్తాయి. చిన్న జాతుల్లో ఒకటి రెండు ఆలస్యం కావచ్చు. కానీ ముందర పళ్లు తప్ప వెనక ఏమీ లేకపోతే, వాళ్లు చెప్పిన వయసు నమ్మకండి. అలాగే చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి.

ఇంటికి తెచ్చిన మూడో రోజు. తెల్లవారి ఐదున్నర. గిన్నె పెట్టి పిలిచాను, రాలేదు. దగ్గరికెళ్తే లేచి నిలబడబోయింది, ముందు కాళ్లు రెండూ పక్కలకి జారిపోయాయి. తల ఒక వైపుకి వాలిపోతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అత్తగారు "చలేమోనే, తువ్వాల్లో చుట్టు" అన్నారు. నాకు చేతులు వణికాయి. డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే, "రాత్రి ఎన్నింటికి తిన్నదమ్మా?" ఎనిమిదింటికి, అది కూడా రెండు నాకులు. "షుగర్ పడిపోయింది. తేనె ఉందా ఇంట్లో? వేలికి రాసుకుని చిగుళ్ల మీద రుద్దండి, వెంటనే బయల్దేరండి" అన్నారు.

అభిషేకం కోసం దేవుడి గదిలో పెట్టుకున్న తేనె సీసా అత్తగారే తెచ్చారు. బొట్టు బొట్టుగా చిగుళ్లకి రాశాను. కొన్ని నిమిషాలకి నాలుక కదిలింది. నా వేలు నాకింది. అప్పటికీ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాం, గ్లూకోజ్ ఎక్కించారు. పళ్లు చూసి డాక్టర్‌గారు "దీనికి 40 రోజులు కూడా ఉండవు" అన్నారు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. తూలడం, వణకడం, మత్తుగా పడి ఉండడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ముందు తేనె. తేనె లేకపోతే చిక్కటి పంచదార నీళ్లు. చిగుళ్ల మీద రాయాలి తప్ప స్పృహ లేని పిల్ల గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేలికపడినా సరే, డాక్టర్‌కి చూపించాలి. 3 నెలలు వచ్చేవరకు రోజుకి కనీసం 4, 5 సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

ఏం పెట్టాలి అంటే, మన ఇళ్లలో అలవాటు పాలన్నం, పెరుగన్నం. దాంతో కడుపు నిండుతుంది కానీ ఎదిగే పిల్లకి చాలదు. చాలా పిల్లలకి పాలు విరేచనాలు తెస్తాయి. పప్పీ ఫుడ్ నానబెట్టి పెట్టండి, దానికి ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేని చికెన్ తోడు చేయవచ్చు. వండిన ఎముకలు మాత్రం వేయకండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం. సంక్రాంతికి చక్కెర పొంగలిలోని కిస్‌మిస్ రెండు మూడైనా ఇంత చిన్న ఒంటికి ఎక్కువే. చుట్టాలొచ్చినప్పుడు ముందే చెప్పేయండి. పారాసిటమాల్ లాంటి మన మందులు కూడా సొంతంగా వేయవద్దు.

ఇక ఎత్తుకోవడం. ఇలా చూడండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద. పసిపిల్లల్ని చంకల దగ్గర పట్టి లేపినట్టు లేపవద్దు. దీని ముందు కాలు నా చిటికెన వేలి కంటే సన్నం. దివాన్ మీంచి దూకితే విరిగిపోయేంత సన్నం. మేం దివాన్ పక్కన ఒక పాత సూట్‌కేసు మెట్టులా వేసి, మీద గోనెసంచి కుట్టాం, జారకుండా. ఈ జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారడం కూడా ఎక్కువ. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంటే అదే అయి ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించండి.

మెడకి బెల్టు వద్దు. వీటి గాలి గొట్టం చాలా మెత్తన. లాగగా లాగగా నొక్కుకుపోయి, బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. ఇదిగో, ఛాతీకి వేసే హార్నెస్ ఇది. వేశాక కింద మన రెండు వేళ్లు దూరాలి, అంతే వదులు. వీధికుక్కలు దగ్గరికొస్తే పరుగెత్తకుండా ఎత్తుకుని నిలబడండి. ఎక్కడైనా కుక్క కరిస్తే, మనిషికైనా సరే, గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పిల్లకి 6 నుంచి 8 వారాలకి మొదటి టీకా, 16 వారాల వరకు 3, 4 వారాలకోసారి మళ్లీ, 3 నెలలు నిండాక రేబిస్ టీకా. టీకాలు పూర్తయ్యే వరకు రోడ్డు మీద దింపవద్దు, కుక్కపిల్లలకి ప్రాణాల మీదికి తెచ్చే విరేచనాలు తెప్పించే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. మీకు దగ్గర్లో ఉన్న డాక్టర్ నంబర్ మాత్రం పిల్లను తేవడానికి ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

ఎండాకాలం ఉదయం 6 దాటాక, సాయంత్రం పొద్దు వాలకముందు బుజ్జమ్మ కాలు బయట పెట్టదు. మీ చెయ్యి వెనక వైపు రోడ్డు మీద ఆనించి చూడండి, 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఆగవు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. మామూలు కుళాయి నీళ్లు ఒంటి మీద పోసి ఫ్యాన్ కింద పెట్టండి, ఆపైన ఆసుపత్రికి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది. ఎండ కదా అని పొమేరియన్‌కి, స్పిట్జ్‌కి గుండు గీయించవద్దు. ఆ రెండు పొరల బొచ్చు ఒకసారి తీస్తే సరిగా తిరిగి రాకపోవచ్చు. రోజూ దువ్వితే చాలు. దువ్వేటప్పుడే చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల దగ్గర జనం, డప్పులు మీకు తెలిసినవే. ఆ తర్వాత కొన్ని రోజులకే దీపావళి. ఆ రోజుల్లో మేం లోపలి గదిలో తలుపులేసి, టీవీ కొంచెం సౌండ్ పెట్టి, ఒకరం దాని దగ్గరే కూర్చుంటాం. తుఫాను హెచ్చరిక వస్తే వారానికి సరిపడా దాని తిండి, మందులు, తేనె సీసా ఒక డబ్బాలో సర్దుతాం. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు ఎన్ని రోజులు లేదో మన వాళ్లెవరూ మర్చిపోలేదు కదా.

చివరగా మొదటి రాత్రి. తల్లి దగ్గర పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి, ఆ వాసనకి పిల్ల నెమ్మదిస్తుంది. అట్టపెట్టెలో పక్క వేసి, పెట్టెను మీ మంచం పక్కనే నేల మీద పెట్టుకోండి. వరండాలో వద్దు. పడుకునే ముందు పదింటికి ఒకసారి తినిపించండి. మళ్లీ రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని, లేపి, నాలుగు ముద్దలు తినిపించి, కాగితం మీద ఒంటికి పోయించి, మళ్లీ పెట్టెలో పడుకోబెట్టండి. తేనె సీసా మీ తలగడ పక్కనే ఉంచుకోండి.