సర్వర్‌లో ఆర్‌డీఎస్ క్యాల్స్ ఎక్కించడం: పర్ యూజరా, పర్ డివైసా?

అందరికీ నమస్కారం అండి. ఈరోజు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, అంటే ఆర్‌డీఎస్ సర్వర్‌కి క్యాల్స్ ఎక్కిద్దాం. క్యాల్ అంటే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్, సర్వర్‌లోకి వచ్చి పని చేసుకోవడానికి కొనేది. మనిషి లెక్కన కొంటే పర్ యూజర్, సిస్టమ్ లెక్కన కొంటే పర్ డివైస్. మన వైజాగ్‌లో ఆటోనగర్‌కి వెళ్ళినా, పోర్టు దగ్గర కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులకి వెళ్ళినా ఇదే సెటప్ కనిపిస్తుంది. ఒక సర్వర్, అందులో ట్యాలీ, పదిమంది రిమోట్‌లో లాగిన్ అయి పని చేసుకుంటుంటారు.

విండోస్ సర్వర్ మామూలుగా అయితే అడ్మిన్ పనికి ఇద్దర్నే ఒకేసారి రానిస్తుంది. మూడో మనిషి రావాలంటే సెషన్ హోస్ట్ రోల్, అంటే ఎక్కువమందిని ఒకేసారి రానిచ్చే భాగం, వెయ్యాలి, దానికి క్యాల్స్ కొనాలి. మామూలు విండోస్ సర్వర్ క్యాల్ వేరు, ఇది వేరు, రెండూ కావాలి. రోల్ వేశాక 120 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ నాలుగు నెలలూ బాగానే నడుస్తుంది కాబట్టి అందరూ మర్చిపోతారు. అది అయిపోయిన మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆఫీసు మొత్తం ఫోన్లు చేస్తుంది, లైసెన్స్ సర్వర్ లేదంటోందండీ అని. మీకు ఆ పరిస్థితి వస్తే మీ సిస్టమ్‌లో విండోస్ ఆర్ నొక్కి ఎంఎస్‌టీఎస్‌సీ, స్పేస్, స్లాష్ అడ్మిన్ అని కొట్టి లోపలికి వెళ్ళండి, అడ్మిన్‌కి తలుపు తెరిచే ఉంటుంది.

సరే, స్క్రీన్ చూడండి. ఇది సర్వర్ 2022. సర్వర్ మేనేజర్, యాడ్ రోల్స్, నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ టిక్ పెట్టండి. లోపల సెషన్ హోస్ట్, లైసెన్సింగ్, ఈ రెండూ టిక్. ఇన్‌స్టాల్. రీస్టార్ట్ అడుగుతుంది, ఇచ్చేయండి.

వచ్చింది. ఇప్పుడు లైసెన్సింగ్ మేనేజర్. నేను మెనూల్లో వెతకను, విండోస్ ఆర్ నొక్కి ఎల్-ఐ-సీ-ఎం-జీ-ఆర్ అని కొడతాను, ఎంటర్. ఇదిగో మన సర్వర్, పక్కన ఎర్ర గుర్తు. రైట్ క్లిక్, యాక్టివేట్ సర్వర్, ఆటోమేటిక్ కనెక్షన్. పేరు, కంపెనీ, దేశం ఇవ్వండి, నెక్స్ట్. ఆకుపచ్చ అయింది చూశారా. సర్వర్‌కి నెట్ లేకపోతే వెబ్ బ్రౌజర్ పద్ధతి ఎంచుకుని, నెట్ ఉన్న వేరే సిస్టమ్‌లో చేసుకోవచ్చు.

ఇక్కడ ఆగండి. క్యాల్స్ ఎక్కించే ముందు, అసలు కొనే ముందే, ఒక్కటి చూసుకోవాలి. మీ సర్వర్ డొమైన్‌లో ఉందా, వర్క్‌గ్రూప్‌లో ఉందా? అందరి లాగిన్లూ ఒకేచోట నడిపే నెట్‌వర్క్ అయితే డొమైన్, ఏ సిస్టమ్ లాగిన్లు ఆ సిస్టమ్‌లోనే ఉంటే వర్క్‌గ్రూప్. ఇదిగో, సర్వర్ మేనేజర్‌లో లోకల్ సర్వర్, ఇక్కడ రాసుంటుంది. నాది వర్క్‌గ్రూప్.

దీని మీద ఎందుకింత చెప్తున్నానంటే, రెండేళ్ళ క్రితం ఒక ఆఫీసుకి పర్ యూజర్ క్యాల్స్ పెట్టించాను. యాక్టివేట్ అయ్యాయి, మోడ్ కరెక్ట్, అంతా ఆకుపచ్చే. మర్నాడు అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు: "బాబూ, లాగిన్ అయిన గంటకి బయటికి తోసేస్తోంది, మళ్ళీ వెళ్తే మళ్ళీ గంటే." వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చూశాను. లైసెన్స్‌లో సమస్య ఉంది, 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుంది అని బాక్స్ వచ్చింది. ఓకే కొట్టారు, సరిగ్గా గంటకి తెగింది. సగం కొట్టిన వోచర్ పోయింది. నేను ఫైర్‌వాల్ చూశాను, సెషన్ టైమవుట్లు చూశాను, రోల్ తీసి మళ్ళీ వేశాను. రెండు రోజులు పోయాయి.

కారణం ఏంటంటే, పర్ యూజర్ లైసెన్స్ ఎవరికి ఇచ్చామన్నది యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్‌లో యూజర్ల వివరాలుండే చోట, రాసుకుంటుంది. డొమైన్ లేకపోతే ఆ రాసుకునే చోటే లేదు. సర్వర్ 2019 నుంచి వర్క్‌గ్రూప్‌లో పర్ యూజర్ పెడితే గంటకోసారి తెంపేస్తుంది. చివరికి డీలర్‌తో మాట్లాడి పర్ డివైస్‌కి మార్పించాం. అందుకని, వర్క్‌గ్రూప్ అయితే పర్ డివైస్. డొమైన్ అయితే మీ ఇష్టం. మూడు షిఫ్టుల్లో ఇరవై నాలుగు మంది ఎనిమిది సిస్టమ్స్ పంచుకుంటే ఎనిమిది పర్ డివైస్ చాలు. ఒకే మనిషి ఆఫీసులో, ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో వాడితే పర్ యూజర్ లాభం.

వెర్షన్ కూడా చూడండి. 2022 క్యాల్ 2019 సర్వర్‌కి పనిచేస్తుంది, 2019 క్యాల్ 2022కి చెయ్యదు.

ఇప్పుడు రైట్ క్లిక్, ఇన్‌స్టాల్ లైసెన్సెస్. లైసెన్స్ ప్యాక్ ఎంచుకుని 25 అక్షరాల కీ కొట్టండి. యాడ్, నెక్స్ట్, ఫినిష్. ఈ కీ ఉన్న కాగితం ఫొటో తీసి సర్వర్‌లో కాకుండా వేరేచోట పెట్టుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సర్వర్లతో పాటు బీరువాల్లో ఫైళ్ళు కూడా తడిసిపోయిన ఆఫీసులు చూశాను నేను. సర్వర్ మళ్ళీ కట్టాలంటే ఆ కీ కావాలి.

అయిపోలేదండి, సెషన్ హోస్ట్‌కి లైసెన్స్ ఎక్కడుందో చెప్పాలి. జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ, అంటే గ్రూప్ పాలసీ ఎడిటర్, తెరవండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, సెషన్ హోస్ట్, లైసెన్సింగ్. మొదటి పాలసీ ఎనేబుల్, సర్వర్ పేరు కొట్టండి. ఇంకోటి లైసెన్సింగ్ మోడ్, ఎనేబుల్, పర్ డివైస్. కొన్న రకం, ఇక్కడ పెట్టిన మోడ్ ఒకటే ఉండాలి. జీపీఅప్‌డేట్ స్లాష్ ఫోర్స్ కొట్టండి. ఆఫీసు అయ్యాక ఒక రీస్టార్ట్ ఇవ్వడం నాకు అలవాటు.

ఇప్పుడు లైసెన్స్ సరిగ్గా ఉందో లేదో చూపించే ఎల్-ఎస్-డయాగ్ డాట్ ఎంఎస్‌సీ తెరవండి. పాస్‌వర్డ్ అడిగితే కుడివైపు ప్రొవైడ్ క్రెడెన్షియల్స్. మోడ్ పర్ డివైస్, క్యాల్స్ 10, హెచ్చరికలేమీ లేవు. బాగుంది.

మళ్ళీ లైసెన్సింగ్ మేనేజర్‌కి వద్దాం. సిస్టమ్ మొదటిసారి లాగిన్ అయితే 90 రోజుల టెంపరరీ లైసెన్స్ ఇస్తుంది, రెండోసారి అసలుది. అందుకే మొదటిరోజు ఇష్యూడ్ సున్నా కనిపిస్తే కంగారు పడకండి. అసలుదానికి కూడా గడువు ఉంటుంది, 52 నుంచి 89 రోజులు, తర్వాత దానంతటదే రెన్యూ అవుతుంది. సిస్టమ్ పాడై మూలన పడేసినా ఆ గడువు దాకా లైసెన్స్ దాని పేరు మీదే ఉంటుంది. అంతదాకా ఆగలేకపోతే రివోక్ చెయ్యొచ్చు, అంటే వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఒకేసారి 20 శాతం దాకానే. మనకి 10 ఉన్నాయి కాబట్టి రెండు.

ఇదిగో, ఈ పాత బిల్లింగ్ సిస్టమ్. రైట్ క్లిక్, రివోక్ లైసెన్స్, యెస్. అవైలబుల్ 3 ఉండేది, 4 అయింది చూడండి. రేపు కొత్త సిస్టమ్ వస్తే అదే తీసుకుంటుంది.