ఒక చోటికి చేరని మురుగు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు నాకు పది నిమిషాలు ఇచ్చారు. మీరంతా ఆకలి మీద ఉన్నారు కాబట్టి సూటిగా వచ్చేస్తాను.

అమెరికాలోని ఈ మేరీల్యాండ్ రాష్ట్రంలో మనలో చాలామందిమి ఏడాదికి 60 డాలర్లు ‘బే రెస్టొరేషన్ ఫీజు’ కడుతున్నాం, అంటే మన చెసాపీక్ బే అనే సముద్రపు పాయను బాగుచేసే రుసుము. జనం నోట్లో అది ‘ఫ్లష్ టాక్స్’. 2004లో చట్టం వచ్చినప్పుడు 30 డాలర్లే. 2012లో రెట్టింపు చేశారు. ఆ డబ్బుతో ముఖ్యంగా పెద్ద మురుగు శుద్ధి కేంద్రాలను బాగుచేశారు. నన్నడిగితే అది సులువైన సగం. డ్రైనేజీ నీళ్లన్నీ ఒక చోటికి చేరతాయి, అక్కడ యంత్రాలు పెట్టొచ్చు.

వాన నీళ్లు అలా ఒక చోటికి రావు. పొలంలో మొక్క తాగని ఎరువును, పార్కింగ్‌లో కారిన ఆయిల్‌ను, మన కుక్కల నిర్వాకాన్ని కలుపుకుని దొరికిన వాగులోకల్లా దిగుతాయి. ఆ నత్రజని, భాస్వరం చెసాపీక్ బేలో నాచుకు విందు భోజనం. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది. వేసవిలో అడుగున పీతలకు ఊపిరాడదు.

అందుకే 2012లో, పెద్ద కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) బాల్టిమోర్ నగరమూ వాననీటి ఫీజు వసూలు చేయాలని రాష్ట్రం చట్టం చేసింది. ఎంత నేలను కాంక్రీటుతో కప్పితే అంత కట్టాలన్నది మూల సూత్రం. దానికి వెక్కిరింపుగా ‘వాన పన్ను’ అని పేరు పడింది. 2014 ఎన్నికల్లో లారీ హోగన్ ఆ పేరును బాగా వాడుకుని గవర్నరయ్యారు, 2015లో ఆ నిబంధన ఎత్తేశారు. నాకైతే ఆ ఫీజు న్యాయంగానే తోస్తుంది. అప్పట్లో నేనూ నవ్వాను, దాచుకోను.

నాకు నచ్చింది రైతులకిచ్చే సాయం. సెప్టిక్ ట్యాంకుల ఇళ్ల నుంచి వచ్చే బే ఫీజులో కొంత అటు పోతుంది. మొక్కజొన్న కోశాక చేను ఖాళీగా వదలకుండా రై అనే ధాన్యం, గోధుమ లాంటివి చల్లితే ఎకరానికి ఇంతని ఇస్తారు. మిగిలిన నత్రజనిని ఆ పైరు పీల్చుకుంటుంది. ఇది చెబితే మా నాన్న, “మన జనుము, జీలుగ లాంటిదేగా” అన్నారు. పూర్తిగా అదే కాదు. మనం వేసేది నేల బలానికి, వీళ్లు వేసేది ఎరువు వాగులో పడకుండా.

ఇక మన లాన్లు. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఎరువు వేయకూడదు, పెద్ద వాన ఉందన్నప్పుడూ వేయకూడదు. మాంట్‌గోమరీ కౌంటీ వాళ్లకు ‘రెయిన్‌స్కేప్స్’ అనే పథకం ఉంది. వాన నీళ్లు ఇంకేలా పెరట్లో తోట వేస్తే ఖర్చులో కొంత తిరిగి ఇస్తారు. కాకపోతే ముందు అప్లికేషన్ పెట్టి, అనుమతి వచ్చాకే పార పట్టండి.