క్రిస్మస్ షాపింగ్: "వడ్డీ లేదు" అన్న స్టోర్ కార్డు మీద 211 డాలర్ల వడ్డీ ఎలా పడుతుంది?

[తెర మీద: బిల్లు కౌంటర్, టీవీ పెట్టె]

అమెరికాలో థాంక్స్‌గివింగ్ మర్నాటి నుంచి క్రిస్మస్ దాకా బిల్లు కౌంటర్ల దగ్గర తరచూ వినిపించే మాట: "మా స్టోర్ కార్డు తీసుకోండి, 12 నెలలు వడ్డీ లేదు." స్టోర్ కార్డంటే ఆ దుకాణం పేరు మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. వెనక క్యూ ఉంటుంది, షరతులు చదివే తీరిక ఉండదు. సంతకం పెట్టేస్తాం.

ఆ కాగితంలో చూడాల్సింది ఒక్కటే. "జీరో పర్సెంట్ ఇంట్రో ఏపీఆర్" (ఏపీఆర్ అంటే ఏడాది వడ్డీ రేటు) అని ఉంటే, గడువు దాటాక మిగిలిన బాకీకే, అప్పటి నుంచే వడ్డీ. "నో ఇంట్రెస్ట్ ఇఫ్ పెయిడ్ ఇన్ ఫుల్" అని ఉంటే అది డిఫర్డ్ ఇంట్రెస్ట్. కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కగట్టి పక్కన పెడతారు. గడువులోగా అణా పైసలతో సహా తీరిస్తే కొట్టేస్తారు. కొంచెం మిగిలినా ఆ వడ్డీ మొత్తం మీ ఖాతాలో వేస్తారు.

[తెర మీద లెక్క]

టీవీ, పిల్లల కానుకలు కలిపి 1,200 డాలర్లు. ఏపీఆర్ 30 శాతం, అంటే నెలకు 2.5. నెలకు 90 చొప్పున 12 నెలలు కడితే తీరేది 1,080, మిగిలేది 120. మొదటి రకం ఆఫర్ అయితే ఆ 120 మీద తర్వాతి నెల వడ్డీ 3 డాలర్లు. రెండో రకంలో, చక్రవడ్డీ కలపకుండానే, ఏడాది మొత్తానికి దాదాపు 211 డాలర్లు ఒకేసారి పడతాయి. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. మా దృష్టిలో మాత్రం ఇది అన్యాయం.

ఇండియాలో నో కాస్ట్ ఈఎంఐకి అలవాటుపడినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ కిస్తీలన్నీ కడితే అప్పు తీరేలా బ్యాంకే లెక్కగడుతుంది. స్టోర్ కార్డు మినిమం పేమెంట్‌కి, అంటే నెలనెలా కట్టి తీరాల్సిన కనీస మొత్తానికి, ఆ పూచీ లేదు. మినిమం 35 డాలర్లనుకోండి, ఏడాదికి తీరేది 420. ఆటోపేని మినిమం మీద పెట్టి నిశ్చింతగా ఉండటం అందుకే ప్రమాదం.

ఇంకో చిక్కు. అదే కార్డు మీద మామూలు సరుకులు కూడా కొన్నారా? మినిమంకి మించి మీరు కట్టేది ముందు వాటి బాకీకి పోతుంది. గడువుకి ముందు చివరి రెండు బిల్లింగ్ సైకిళ్లలో (నెలవారీ బిల్లు కాలాల్లో) మాత్రమే డిఫర్డ్ బాకీకి మొదట జమ చేయాలని చట్టం. కాబట్టి ఆ కార్డు మీద ఇంకేమీ కొనకండి. పైగా నవంబరులో తీసుకున్న 12 నెలల ఆఫర్ ముగిసేది మళ్లీ క్రిస్మస్ ఖర్చులు మీద పడ్డప్పుడే.

ఏం చేయాలి? మొత్తాన్ని 12తో కాదు, 11తో భాగించండి. 1,200కి నెలకు 110. ఆటోపేలో ఆ అంకె పెట్టండి. ఎప్పటిలోగా పూర్తిగా తీర్చాలో ప్రతి నెల స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది. ఆ తేదీ మీ మామూలు డ్యూ డేట్ కంటే ముందే రావచ్చు, ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి. కిస్తీ 60 రోజులకు మించి ఆలస్యమైతే ఆఫరే పోవచ్చు.

గడువుకి తీర్చలేమని తెలిస్తే, కనీసం నెల ముందే ఆ బాకీని వేరే జీరో పర్సెంట్ కార్డుకి మార్చండి. బదిలీకి రోజులు పడుతుంది. ఫీజు మామూలుగా 3 నుంచి 5 శాతం, అంటే 120 డాలర్లకి 6 డాలర్ల లోపే. కొన్ని కార్డులకు కనీస ఫీజు ఉంటుంది, అది ముందే చూసుకోండి.